కొండదారికి ముందు కట్టే సద్ది

పుష్యమాసం వచ్చిందంటే ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో గోండుల్లోని మెస్రం వంశీయులు నడకకు సిద్ధమవుతారు. తెల్లటి ధోతులు, తెల్లటి తలపాగాలు, చెప్పుల్లేని కాళ్లు. తమ దైవం నాగోబాను అభిషేకించడానికి గోదావరి నీళ్లు కావాలి. ఆ నీళ్లు ఎక్కడపడితే అక్కడ ముంచుకొస్తే కుదరదు. మంచిర్యాల జిల్లా జన్నారం మండలం కలమడుగు దగ్గరున్న హస్తినమడుగు నుంచే తేవాలి. ఊరూరికీ బస్సులు, ఆటోలు తిరుగుతున్న ఈ రోజుల్లోనూ రానూపోనూ వంద కిలోమీటర్లు దాటే ఆ దారిని కాలినడకనే పూర్తి చేస్తారు.

భక్తి సంగతి అలా ఉంచి ఆ యాత్రను ఒక ప్రయాణంగా చూస్తే అందులో గట్టి ఏర్పాటు కనిపిస్తుంది. వంశపెద్దలు ముందే కేస్లాపూర్‌లో కూర్చుంటారు. ఏ రోజు బయలుదేరాలి, ఏ రాత్రి ఏ ఊళ్లో మజిలీ, ఎప్పటికి తిరిగి రావాలి అన్నీ అక్కడే తేలిపోతాయి. గడువు కదిలేది కాదు, అమావాస్య రాత్రి మహాపూజ జరిగి తీరాలి. నీళ్లు నింపిన కలశాన్ని, అంటే ఝరిని, మోసేవారు మోస్తారు, మిగతావారు వెంట నడుస్తారు. తిరిగొచ్చాక ఝరిని మర్రిచెట్టు దగ్గర భద్రపరచి, పూజ గడియ దాకా అక్కడే విడిది చేస్తారు. మోసే బరువు, మజిలీ, గడువు, ఆతిథ్యం ఈ నాలుగూ ముందే ఖాయమయ్యాక గానీ కాలు కదలదు.

కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల కుర్రాళ్లు ఇప్పుడు మరో రకం నడకకు ఉత్సాహపడుతున్నారు. వీపున పెద్ద సంచి, అందులో టెంటు, మూడు నాలుగు రోజులు కొండల్లోనే. వీడియోల్లో చూస్తే తేలిగ్గానే ఉంటుంది. టెంటు ఎంతకు దొరుకుతుంది, బూట్లు ఏ కంపెనీవి కొనాలి అన్న ప్రశ్నలు ముందు పుడతాయి. మూడో రోజు సాయంత్రం నీళ్లు ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్న ఆఖరున గానీ రాదు. అడవిలో రోజుల తరబడి నడవాలనుకునేవాళ్లు తిరగేయాల్సింది ఈ వరుసనే.

ముందు అనుమతి

ఉమ్మడి ఆదిలాబాద్ కొండల్లో నడవాలనుకునేవారికి మొదట ఎదురయ్యేది చట్టం. కవ్వాల్ అభయారణ్యం 1965 నాటిది. 2012లో దాన్ని పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. సుమారు 890 చదరపు కిలోమీటర్ల కోర్ ప్రాంతం, దాని చుట్టూ 1,120 చదరపు కిలోమీటర్లకు పైగా బఫర్ ప్రాంతం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి బయటివాళ్లు అనుమతి లేకుండా వెళ్లకూడదు, అక్కడ నిప్పు పెట్టకూడదు. నచ్చిన వాగు ఒడ్డున టెంటు వేసుకుని, ఎండుపుల్లలతో నెగడు పెట్టుకుని పడుకుందామన్న ఊహకు ఇక్కడ చోటు లేదు.

దీని వెనక ఊరికే కాగితాల పట్టింపు లేదు. మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ వైపు నుంచి పులులు ఈ అడవుల్లోకి వస్తూ పోతూ ఉంటాయి. 2020 నవంబరులో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడుల్లో ఇద్దరు చనిపోయారు. పులి అరుదుగా ఎదురవుతుంది గానీ ఎలుగుబంటి అంత అరుదు కాదు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలే వేళ తెల్లవారుజామున చెట్ల కింద మనుషులూ ఎలుగుబంట్లూ ఒకరికొకరు తారసపడతారు. పూలు ఏరుకునే ఆడవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. పట్నం నుంచి వచ్చినవాళ్లకే చెప్పాలి: తెల్లవారకముందు, చీకటి పడ్డాక నడక వద్దు, ఒంటరిగా అసలే వద్దు, మాట్లాడుకుంటూ అలికిడి చేస్తూ నడవండి అని.

అందుకే దారి గీసుకున్నాక మొదటి పని అటవీ రేంజ్ కార్యాలయానికి వెళ్లడం. ఏ బాట ఏ బీట్‌లోకి వస్తుంది, ఎక్కడిదాకా వెళ్లవచ్చు, వెంట స్థానిక మనిషి ఉండాలా అన్నది అక్కడే తెలుస్తుంది. వద్దన్న చోటు వదిలేయాలి. వదిలేసినా నడవడానికి ఇంకా చాలా దారి మిగులుతుంది.

గూడెం నుంచి గూడేనికి

మెస్రం వంశీయుల పద్ధతి ఇక్కడే అక్కరకొస్తుంది. ఆదిలాబాద్ అడవి మనుషులు లేని అడవి కాదు. గోండు గూడేలు, కొలాం గూడేలు కొండల మీదా లోయల్లోనూ పరచుకుని ఉన్నాయి. ఒక గూడెంలో పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికి మరో గూడెం చేరుకునేలా మజిలీలు వేసుకుంటే టెంటు మోయక్కర్లేదు, అడవిలో రాత్రి గడపక్కర్లేదు, నీళ్ల బెంగ సగం తీరుతుంది. నేపాల్లో కొండదారి పొడుగునా ఉండే టీ హౌసులను నమ్ముకుని వేలమంది ఇలాగే నడుస్తారు. అక్కడ ఏళ్లుగా అది ఒక వ్యాపారం. ఇక్కడ మాత్రం ముందుగా మాట్లాడుకుని ఏర్పాటు చేసుకోవాలి.

దీనికి పాత ఉదాహరణ కూడా ఉంది. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, భార్య బెట్టీ 1940లలో ఈ కొండల్లో తిరిగారు. జైనూర్ మండలంలోని మార్లవాయిని స్థావరం చేసుకుని గుడిసెలో ఉన్నారు. అక్కడినుంచే చుట్టుపక్కల గూడేలకు వెళ్లి వచ్చేవారు. ఆ తిరుగుడులోంచే ఆదిలాబాద్ రాజగోండుల మీద ఆయన పుస్తకం వచ్చింది. కొండయాత్రికుల మాటల్లో చెప్పాలంటే మార్లవాయి ఆయన బేస్ క్యాంపు. బరువైనవన్నీ ఒకచోట పెట్టి, తేలిక మూటతో వెళ్లి రావడం. బెట్టీ సమాధి నేటికీ అక్కడే ఉంది.

గోండు వీరుడు కుమురం భీం నేలకొరిగిన జోడేఘాట్ కెరమెరి మండలంలో ఉంది. మార్లవాయి, జోడేఘాట్ వంటి చోట్లను రెండు కొసలుగా పెట్టుకుని నడుమ గూడేల్లో ఆగుతూ నడిచే యాత్రకు చరిత్రా ఉంటుంది, నడవడానికి కొండా ఉంటుంది. అయితే ముందుగా ఒక మనిషి మోటారు సైకిల్ మీద వెళ్లి ప్రతి మజిలీ చూసి రావాలి. గూడెం పటేల్‌ను కలిసి "రాం రాం" చెప్పి, ఎంతమంది వస్తున్నారో, ఎన్ని రాత్రులో చెప్పాలి. బడి వరండా దొరుకుతుందా, చేతిపంపు పనిచేస్తోందా, వంటకు ఎవరైనా సాయం చేస్తారా అని అడగాలి. చేతిపంపును కొట్టి చూడాలి. వేసవి ముదిరితే ఉన్న పంపులు కూడా ఎండిపోతాయి.

అతిథులం కదా అని చేతులూపుకుంటూ వెళ్లడం పద్ధతి కాదు. పది మందికి ఒక పూట వండి పెట్టడం చిన్న గూడేనికి చిన్న ఖర్చేమీ కాదు. బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, చాయపత్తి తీసుకెళ్లాలి, వండినవాళ్లకు, దారి చూపినవాళ్లకు డబ్బు ముందే మాట్లాడుకుని ఇవ్వాలి. దేవుళ్లుండే చోటికి చెప్పులతో వెళ్లకూడదు. అడగకుండా ఎవరి ఫొటో తీయకూడదు. దీపావళి ముందు దండారి పండుగ రోజుల్లో వెళ్తే గుస్సాడీ ఆట చూసే భాగ్యం దొరుకుతుంది గానీ ఊరంతా ఆ పనిలోనే ఉంటుంది కాబట్టి బస అడగడానికి అది సమయం కాదు.

కాలం కలిసిరావాలి

ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరానికి ఎవరి పేరుందో ఆ జార్జ్ ఎవరెస్ట్, కాలం చూసుకోకుండా అడవిలో దిగితే ఏమవుతుందో తెలంగాణ గడ్డ మీదే తెలుసుకున్నాడు. 1819లో భారత మహా త్రికోణమితి సర్వే కోసం కృష్ణా గోదావరుల మధ్య నిజాం రాజ్యపు అడవుల్లో కొలతలకు వెళ్లాడు. వానాకాలంలో జ్వరాలు చుట్టుముట్టాయి. ఆయనతో పాటు దండులో చాలామంది పడకేశారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పని ఆగిపోయింది. ఒళ్లు కుదుటపడటానికి ఆయన 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్లాల్సి వచ్చింది.

రెండు వందల ఏళ్లు గడిచినా ఈ కొండల్లో వానాకాలం తీరు మారలేదు. కుంటాల, పొచ్చెర జలపాతాలు నిండుగా దూకేది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. చూసి రావడానికి అది మంచి సమయం. రోజుల తరబడి నడవడానికి కాదు. పొద్దున మోకాలి లోతున దాటిన వాగు, ఎగువన వాన పడితే సాయంత్రానికి మనిషి నిలవలేనంతగా పోటెత్తుతుంది. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు సామర్థ్యాన్ని మించిన వరద వచ్చి, కట్ట నిలుస్తుందా లేదా అని దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ ప్రాజెక్టులోకి నీళ్లు మోసేవి నడకదారికి అడ్డొచ్చే ఈ వాగులే. దోమలు, జ్వరాలు కూడా ఆ నెలల్లోనే ఎక్కువ.

ఎండాకాలం మరీ కష్టం. ఉష్ణోగ్రత నలభై అయిదు డిగ్రీలను తాకుతుంది. టేకు ఆకు రాలి నేలంతా ఎండిపోయి ఉంటుంది, ఒక్క అగ్గిపుల్ల చాలు. మిగిలింది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఆకాశం తెరిపిగా ఉంటుంది, వాగుల్లో ఇంకా నీళ్లుంటాయి, పగలు నడవొచ్చు. రాత్రి చలిని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. తెలంగాణలో చలికాలం వార్తల్లో ముందుగా వినిపించే పేర్లు సిర్పూర్ (యు), గిన్నెదరి, అర్లి (టి). కొన్నేళ్లు అక్కడ ఉష్ణోగ్రత అయిదు డిగ్రీల కిందికి దిగింది. కరీంనగర్‌లో కప్పుకునే దుప్పటి అక్కడ సరిపోదు.

కాగితం మీద నడక

కిలోమీటర్లు చూసి రోజులు లెక్కవేయడం కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు. కొండలో పది కిలోమీటర్లు, సడక్ మీద పది కిలోమీటర్లు ఒకటి కావు. 1892లో విలియం నెయిస్మిత్ అనే స్కాట్లండ్ కొండయాత్రికుడు ఒక సూత్రం చెప్పాడు, ఇప్పటికీ అందరూ దాన్నే వాడుతున్నారు. అయిదు కిలోమీటర్లకు ఒక గంట వేసుకోవాలి. ఎక్కే ప్రతి ఆరు వందల మీటర్లకు మరో గంట కలపాలి.

పద్నాలుగు కిలోమీటర్ల దూరం, మొత్తం ఆరు వందల మీటర్ల ఎక్కుడు ఉన్న ఒక రోజును తీసుకుందాం. నెయిస్మిత్ లెక్కలో అది సుమారు నాలుగు గంటల నడక. కానీ ఆయన లెక్క దారుఢ్యం ఉన్నవాడికి, మంచి బాటకు. వీపున బరువు, మధ్యాహ్నపు ఎండ, బూటు లేసు కట్టుకోవడానికి ఆగేవాళ్లు, ఫొటోలకు ఆగేవాళ్లు, సద్ది తినే గంట కలిపితే ఆరు గంటలకు తక్కువ కాదు. డిసెంబరులో సాయంత్రం ఆరు కాకముందే పొద్దు కుంకుతుంది. పొద్దున ఏడింటికి బయలుదేరితే మధ్యాహ్నం ఒంటిగంటకు మజిలీ చేరతారు. దారి తప్పినా, ఎవరి కాలైనా బెణికినా సరిచేసుకోవడానికి చేతిలో నాలుగు గంటల వెలుతురు మిగులుతుంది. పదింటికి బయలుదేరినవాళ్లకు ఆ వెలుతురు ఉండదు.

ఎక్కుడు ఎంతో తెలియాలంటే సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు చూడాలి. 1:50,000 స్కేలు షీటులో రెండు సెంటీమీటర్లు అంటే నేల మీద ఒక కిలోమీటరు. గోధుమరంగు గీతలు ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతాయి. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిట్టనిలువు, దూరదూరంగా ఉంటే చదును. ఫోను మ్యాపును ముందే డౌన్‌లోడ్ చేసుకున్నా కాగితం షీటు ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోవాలి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, లోయల్లో సిగ్నలే ఉండదు.

షీటు మీద ముందుగా గుర్తుపెట్టాల్సింది శిఖరాలను కాదు, నీళ్లను. చెరువు, బావి, ఏడాది పొడుగునా పారే వాగు ఎక్కడున్నాయో చూసి, వాటి మధ్య దూరాలను బట్టి రోజులు విడగొట్టాలి. ప్రతి మజిలీకి పక్కన ఇంకో గుర్తు ఉండాలి. అక్కడినుంచి సడక్ ఎక్కాలంటే ఎటు దిగాలి, ఎంత దూరం అన్నది. నడక మధ్యలో మానేయాల్సి వస్తే అప్పుడు వెతుక్కోవడం కుదరదు.

భుజం మీద పన్నెండు కిలోలు

ఒంటి బరువులో అయిదో వంతు దాకా మోయవచ్చని అనుభవజ్ఞులు చెబుతారు. అరవై కిలోల మనిషికి పన్నెండు కిలోలు. వినడానికి ఎక్కువే. ఖాళీ సంచి కిలోన్నర, స్లీపింగ్ బ్యాగు కిలోన్నర, ఇద్దరి టెంటులో ఒకరి వంతు కిలోన్నర, బట్టలు రెండు కిలోలు, నాలుగు రోజుల ఎండు తిండి మూడు కిలోలు, మూడు లీటర్ల నీళ్లు మూడు కిలోలు. పన్నెండున్నర అయిపోయింది. గిన్నె, టార్చి, మందులు, ఫోను ఇంకా లెక్కలోకే రాలేదు. గూడెం నుంచి గూడేనికి నడిచేవాళ్లు టెంటు వదిలేస్తారు, తిండి ఒక కిలోకు తగ్గుతుంది, నీళ్లు రెండు లీటర్లు చాలు. మూట ఎనిమిది కిలోలకు దిగుతుంది. మజిలీ ఏర్పాటుకు తిరిగిన తిరుగుడు ఇలా వీపు మీద తేలికవుతుంది.

ఖరీదైన సామాను లేకపోయినా నడవొచ్చని నిరూపించిన మనిషి అమెరికాలోని ఎమా గేట్‌వుడ్. పదకొండు మంది పిల్లల తల్లి. 1955లో, అరవై ఏడేళ్ల వయసులో, మూడు వేల కిలోమీటర్లకు పైగా ఉన్న అపలాచియన్ కొండదారిని ఒంటరిగా నడిచింది. ఇంట్లో కుట్టుకున్న గుడ్డసంచి ఒకటి, కాళ్లకు మామూలు క్యాన్వాసు బూట్లు, వానకు స్నానాలగది ప్లాస్టిక్ తెర. మంచు కొండల్లో అది ప్రమాదం కావచ్చు. అయినా అవసరానికీ ఆశకూ తేడా చూసుకోవడం ఆమెను చూసి నేర్చుకోవాలి.

సంచి సర్దడంలోనూ ఒక వరుస ఉంది. రాత్రి దాకా అక్కర్లేని స్లీపింగ్ బ్యాగు అడుగున. బరువైనవి, అంటే తిండి, నీళ్లు, వంట సామాను, వీపుకు ఆనుకుని నడిమి భాగంలో. తేలికవి బయటివైపు. వానకోటు, టార్చి, మందుల డబ్బా అన్నిటికన్నా పైన. తర్వాత నడుంపట్టీ. అది పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద కూర్చోవాలి. ముందు దాన్ని బిగించి, ఆపైన భుజాల పట్టీలు లాగాలి. సరిగ్గా కుదిరితే భుజం మీద పట్టీ కింద వేలు దూరుతుంది, బరువంతా కాళ్లలోకి దిగుతుంది. ఇంత చిన్న సంగతి తెలియక భుజాలు కోసుకుపోయి రెండో రోజే వెనుదిరిగేవాళ్లున్నారు.

బూట్లు కొత్తవి వద్దు. కొని కనీసం నెల రోజులు వాడినవే కావాలి. కరీంనగర్‌వాసులకు లోయర్ మానేరు డ్యామ్ (ఎల్ఎండీ) కట్ట చేతికందే మైదానం. ఖాళీ సంచితో మొదలుపెట్టి వారానికి రెండు కిలోల చొప్పున బియ్యం సంచులో నీళ్ల సీసాలో పెంచుకుంటూ పోతే ఆరేడు వారాల్లో కాళ్లకు అలవాటవుతుంది. కట్ట చదునుగా ఉంటుంది కాబట్టి ఆదివారాలు కొండ ఎక్కాలి. పెద్దపల్లి జిల్లా బేగంపేట దగ్గరి రామగిరి ఖిల్లా అందుకు సరిపోతుంది. పొద్దున ఎక్కి సాయంత్రం దిగే దారి, రాళ్లు, చెట్లు, పాత కోటగోడలు, పేరుమోసిన వనమూలికలు. ఎక్కడం కన్నా దిగడంలో మోకాళ్లు ఎక్కువ నొస్తాయన్న సంగతి అక్కడే తెలిసిపోతుంది. మోకాలు నొచ్చినవాళ్లు చేతికర్రలు తోడు తెచ్చుకోవాలి.

సద్దిమూట

నాలుగు రోజులు నడిచే మనిషికి రోజుకు మూడు వేల కేలరీల దాకా కావాలి. అంటే ఏడెనిమిది వందల గ్రాముల ఎండు తిండి. ఈ విషయంలో ఉత్తర తెలంగాణ ఇళ్లలో కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ. వంద గ్రాముల పల్లీలలో సుమారు 560 కేలరీలు ఉంటాయి. పల్లిపట్టీలు, పుట్నాలు, బెల్లం, అటుకులు, సకినాలు వారం దాకా చెడిపోవు. దట్టంగా కాల్చిన జొన్నరొట్టె మొదటి రోజుకు ఆగుతుంది. మక్క గట్కకు వేడినీళ్లు, ఉప్పు చాలు. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం తయారుచేసే ఇప్పపువ్వు లడ్డూలు దారిలో నమలడానికి బాగుంటాయి. ప్రతి రోజు తిండిని విడిగా ఒక్కో కవర్లో కట్టి పైన రోజు రాసుకోవాలి. అలా కడితే మూడో రోజు తిండి రెండో రోజే అయిపోదు. అదనంగా ఒక రోజు తిండి అడుగున ఉంచాలి, దాన్ని ముట్టుకోకూడదు.

నీళ్లు రోజుకు మూడు నాలుగు లీటర్లు. వాగు నీళ్లు ఎంత తేటగా కనిపించినా అలాగే తాగకూడదు. పైన ఎక్కడో పశువులు దిగి ఉంటాయి. గుడ్డతో వడగట్టి, బుడగలొచ్చి తెర్లాక ఒక నిమిషం మరగనివ్వాలి. రెండు వేల మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. క్లోరిన్ బిళ్ల వేస్తే అరగంట ఆగాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే లీటరు మంచినీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాగిస్తూ ఉండాలి. దొడ్డికి వెళ్లే చోటు వాగుకు అరవై మీటర్ల దూరంలో ఉండాలి. జానెడు గుంత తవ్వి, మట్టితో పూడ్చాలి. ప్లాస్టిక్ అంతా తిరిగి సంచిలోకే.

మంచు కొండలకు వెళ్తే

మనుషుల ఆసరా లేకుండా అచ్చమైన కొండ అడవిలో, ఇల్లంతా వీపున వేసుకుని నడవాలనుకునేవాళ్లు చివరికి హిమాలయాల వైపే చూస్తారు. ఉత్తర తెలంగాణకు ఆ దారి కొత్తేమీ కాదు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి పద్నాలుగేళ్లు నిండలేదు. అప్పటి ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనంద్ కుమార్ ఆమెతోపాటే శిఖరం చేరాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. వాళ్ల శిక్షణ నేరుగా మంచులో మొదలవలేదు. ముందు భువనగిరి గుట్ట మీద రాళ్లెక్కడం, తర్వాత డార్జిలింగ్, ఆపైన లద్దాఖ్ చలి. ఒక్కో మెట్టు దాటాకే తర్వాతి మెట్టు. పూర్ణ 2022లో డెనాలీతో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలనూ పూర్తి చేసింది.

మామూలుగా నడిచేవాళ్లకు కేదార్‌కాంఠా వంటి దారులు తొలి మెట్టు. ఉత్తరాఖండ్‌లో సాంక్రీ ఊరి నుంచి మొదలయ్యే ఆ నడక సుమారు 3,800 మీటర్ల శిఖరంతో ముగుస్తుంది. రామగుండంలోనో మంచిర్యాలలోనో ఢిల్లీ రైలెక్కే మనిషి ఉండేది సముద్రమట్టానికి మూడు వందల మీటర్లకు మించని ఎత్తులో. సాంక్రీ చేరేసరికే 1,900 మీటర్లు దాటతాడు. ఇక్కడ లెక్క మారుతుంది. అనుమతి, నీళ్లు కాకుండా ఎత్తు అసలు సమస్య అవుతుంది.

రెండున్నర వేల మీటర్లు దాటాక గాలిలో ఊపిరికందే ప్రాణవాయువు తగ్గుతుంది. ఒంటికి అలవాటుపడే వ్యవధి ఇవ్వకుండా ఎక్కితే తలనొప్పి, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు అదే ఎత్తున ఆగిపోవాలి. తలనొప్పి తగ్గకపోతే ఇక ఎక్కకూడదు. మాట తడబడినా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అర్ధరాత్రి అని చూడకుండా కిందికి దించాలి. దారుఢ్యం ఉన్న కుర్రాళ్లు, గాబరాగా ముందు నడిచేవాళ్లు దీనికి ఎక్కువ చిక్కుతారు. అందుకే ప్రయాణంలో ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. తిరుగు రైలు టికెట్టు మరుసటి రోజుకే తీసుకుంటే ఆ ఖాళీ ఉండదు.

రెండు చిన్న సంగతులు చాలామందికి రైలెక్కాక గుర్తొస్తాయి. గ్యాస్ డబ్బాలను రైల్లో గానీ విమానంలో గానీ తీసుకెళ్లనివ్వరు. డబ్బా డెహ్రాడూన్‌లోనే కొనుక్కోవాలి. అమెరికాలో ఉన్న అన్న పంపిన శాటిలైట్ మెసేజ్ పరికరం ఉంది కదా అని సంచిలో వేసుకోకూడదు. మన దేశంలో లైసెన్సు లేకుండా శాటిలైట్ ఫోన్లు, అలాంటి పరికరాలు వాడటం నేరం. విమానాశ్రయాల్లో వాటితో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లున్నారు.

ఇంట్లో వదిలి వెళ్లే కాగితం

అడవిలో సిగ్నల్ ఉండదు కాబట్టి కబురు ముందే ఇంట్లో పెట్టి వెళ్లాలి. ఒక కాగితం మీద రోజువారీ మజిలీలు, వెంట వచ్చేవాళ్ల పేర్లు, రక్తం గ్రూపులు, వాడుతున్న మందులు, రేంజ్ కార్యాలయం నంబరు, ఏ రోజు ఎన్ని గంటలకల్లా ఫోను చేస్తారో రాయాలి. ఆ గంట దాటితే ఎవరికి ఫోను చేయాలో కూడా రాయాలి. ఆ కాగితం కంగారుపడి ఏడ్చే మనిషికి కాకుండా చెప్పింది చెప్పినట్టు చేసే మనిషికి ఇవ్వాలి.

మందుల డబ్బా చిన్నదే. బ్యాండేజి, అంటుపట్టీ, జ్వరం బిళ్లలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, డాక్టరు రాసిన సొంత మందులు. మడమ దగ్గర మంట మొదలవగానే ఆగి పట్టీ అంటించాలి. బొబ్బ లేచాక అంటిస్తే లాభం తక్కువ. పాము కాటేస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం ఏవీ వద్దు. ఆ కాలిని కదలకుండా కర్రతో కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లి 108కి కబురు చేయాలి. విరుగుడు ఆసుపత్రిలోనే ఉంటుంది. షీటు మీద ముందే గుర్తుపెట్టిన సడక్ దారి అక్కరకొచ్చేది ఇలాంటప్పుడే.

తిరిగొచ్చాక

ఇల్లు చేరాక సంచిని మూలన పడేయకుండా ఆ రోజే చాప మీద గుమ్మరించి మూడు కుప్పలు చేయాలి. రోజూ వాడినవి ఒకటి, ఒక్కసారి వాడినవి ఒకటి, అసలు ముట్టనివి ఒకటి. మొదటి కుప్ప వచ్చేసారీ వస్తుంది. రెండో కుప్ప మీద ఆలోచించాలి. మూడో కుప్పలో ఉన్నది తర్వాతి జాబితా నుంచి కొట్టేయొచ్చు. మందుల డబ్బా, వానకోటు, అడుగున దాచిన ఆ ఒక రోజు తిండి మాత్రం ముట్టకపోయినా మళ్లీ సంచిలోకే పోతాయి. టెంటు తడిగా ఉంటే ఆరబెట్టాలి, తడితో మడిచినది రెండు వారాల్లో బూజు పడుతుంది. ఎండిపోయి కనిపించిన బావి, మూసుకుపోయిన బాట, బస ఇచ్చిన గూడెం పేరు టోపోషీటు మీద పెన్సిలుతో రాసిపెట్టుకుంటే వచ్చే నవంబరులో మజిలీలు చూడటానికి మోటారు సైకిల్ మీద వెళ్లేవాడికి సగం పని తగ్గుతుంది.